తొమ్మిదేళ్ల పాపకు 65 సీసీ టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండి కొనవచ్చా?

ముందు మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. మీరు కొంపల్లిలో ఉంటారు. పాపకు తొమ్మిదేళ్లు, బరువు 28 కిలోలు. ఏడాదిగా క్లచ్చు లేని 50 సీసీ బండి నడుపుతోంది, ఇప్పుడు అది చాలడం లేదు. ఒకరి దగ్గర వాడిన కవాసాకి కేఎక్స్65, అంటే మట్టి నేల మీద పోటీలకు చేసే 65 సీసీ మోటోక్రాస్ బండి, అమ్మకానికి ఉంది. టూ స్ట్రోక్ ఇంజను ఊరికే పోతుందని ఎవరో భయపెట్టారు. హైదరాబాదులో దాన్ని చూసే మెకానిక్ దొరుకుతాడా, ఇంట్లో చేసుకోగలిగిన పని ఎంత అని అడిగారు.

కొనవచ్చు. మా ఇద్దరు పిల్లలూ 65 సీసీ టూ స్ట్రోక్ మీదే పెరిగారు. ఒకటే బండి, ముందు అబ్బాయి, తర్వాత అమ్మాయి. ఆ ఇంజను ఎన్నిసార్లు విప్పానో, ఎందుకు విప్పానో అన్నీ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం తిరగేసి చెబుతున్నాను: టూ స్ట్రోక్ ఊరికే పోదు. పాడైన ప్రతిసారీ అంతకు ముందు నేనో, మరొకరో చేయాల్సిన పని ఒకటి వదిలేసి ఉన్నాం. నిజానికి దీనంత సులువైన ఇంజను మరొకటి లేదు. ఫోర్ స్ట్రోక్‌లో లాగా పైన వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చెయిను లేదు. పైభాగంలో కదిలేది పిస్టన్ ఒక్కటే. విప్పి బిగించడం ఫోర్ స్ట్రోక్ కన్నా ఎంతో తేలిక, కాకపోతే తరచుగా విప్పాలి. పాప ఆదివారం పొద్దున బండి నడిపితే సాయంత్రం ఒక గంట మీరు దాని పక్కన కూర్చోవాలి. ఆ గంట దొరకదనుకుంటే చిన్న ఫోర్ స్ట్రోక్ బండి చూసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, పిల్లకూ లోటు ఉండదు.

కొలతల సంగతి. కేఎక్స్65 సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లు, పెట్రోలు పోశాక బరువు సుమారు 60 కిలోలు, అంటే మీ పాప బరువుకు రెట్టింపు పైనే. రెండు కాళ్లూ నేలకు ఆనవు, ఆనాలని పట్టుపట్టకండి. సీటు మీద ఒక పక్కకు జరిగి ఒక కాలి ముందు పాదంతో బండిని నిలబెట్టగలిగితే చాలు. కానీ కింద పడ్డ బండిని తనే లేపడం, తనే కిక్కు కొట్టి స్టార్టు చేయడం నేర్చుకోవాలి. మొదటి వారాలు ఆ రెండు పనులకే కేటాయించండి. 50 బండికి గేర్లు లేవు, దీనికి ఆరు. పైగా టూ స్ట్రోక్ శక్తి మెల్లగా పెరగదు. కింది వేగంలో ఏమీ లేనట్టుండి, ఒక దశ దాటగానే ఒక్కసారిగా లాగుతుంది. ఆ లాగుడు పాపకు అలవాటయ్యేదాకా ఎత్తుల మీద నుంచి దూకించకండి. ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్చు మీద ఉండాలని మొదటి రోజే చెప్పండి. ఎందుకో కింద చెబుతాను.

ఈ బండిని కిలోమీటర్లలో కొలవరు, గంటల్లో కొలుస్తారు. అందుకే మీరు మొదట కొనాల్సిన వస్తువు గంటల మీటరు. ప్లగ్గు తీగకు నాలుగు చుట్లు చుడితే ఇంజను తిరిగినంతసేపే లెక్కపెడుతుంది. బండి నడిపి వచ్చిన ప్రతిసారీ ఆ అంకెను తేదీతో పాటు రాసుకోండి. గేరు ఆయిలు నేను ఐదు గంటలకు ఒకసారి మారుస్తాను. ఈ ఆయిలు గేర్లకూ క్లచ్చుకూ మాత్రమే, పిస్టన్‌కు కాదు. క్లచ్చు ప్లేట్ల పొడి దీనిలోనే కలుస్తుంది కాబట్టి తొందరగా నల్లబడుతుంది. పిస్టన్, రింగు, పిన్ను, దాని కింది చిన్న బేరింగు, గ్యాస్కెట్లు అన్నీ ఒకేసారి 25 నుంచి 30 గంటల మధ్య మారుస్తాను. వింటే భయం వేస్తుంది కానీ లెక్క చూడండి. పిల్లలు ఆదివారం మైదానంలో మూడు గంటలున్నా ఇంజను తిరిగేది గంటన్నరే. నెలకు రెండు ఆదివారాలైతే మూడు గంటలు, ఏడాదికి 36. అంటే ఏడాదికి ఒక పిస్టన్, ఏడుసార్లు గేరు ఆయిలు. పోటీలకు వెళ్లే పిల్లలు ఇంజనును ఎప్పుడూ చివరి అంచున నడుపుతారు, వాళ్ల బండికి పిస్టన్ ఇంకా ముందే మార్చాలి. బండి బాగానే నడుస్తోంది కదా అని పిస్టన్‌ను 60 గంటలు లాగించిన వాళ్లను చూశాను. అరిగిన పిస్టన్ సిలిండర్లో అటూ ఇటూ కొట్టుకుని కింది అంచు పగిలిందంటే, ఆ ముక్కలు పిస్టన్ కిందున్న క్రాంకు గదిలో పడతాయి. అప్పుడు మారేది పిస్టన్ కాదు, ఇంజను మొత్తం.

ఇక అసలు విషయం, ఎయిర్ ఫిల్టర్. మొత్తం సమాధానంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి. ఫోర్ స్ట్రోక్‌లో గాలి నేరుగా పైగదిలోకి వెళుతుంది. టూ స్ట్రోక్‌లో అది ముందు క్రాంకు గదిలోకి వెళ్లి, అక్కడి బేరింగుల మీదుగా, కనెక్టింగ్ రాడ్డు మీదుగా పైకి వస్తుంది. ఫిల్టరు దాటిన ఇసుక రేణువు ఇంజనులో ఉన్న ప్రతి భాగాన్నీ ఒరుసుకుంటూ పోతుంది. మన చుట్టుపక్కల నేల ఎలాంటిదో మీకు తెలుసు. షామీర్‌పేట అయినా చేవెళ్ల అయినా ఎర్రమన్ను, మొరం, రాతిపొడి. ఈ నేలలు గ్రానైటు రాయి అరిగి ఏర్పడినవి, దానిలోని పలుగురాతి రేణువు ఇనుము కన్నా గట్టిది. మార్చి నుంచి జూన్ దాకా ముందు వెళ్లే బండి లేపిన దుమ్ములో వెనక బండి కనపడదు.

ఫోము ఫిల్టరును ప్రతి ఆదివారం కడగాలి. బాగానే ఉందిలే అని రెండో వారానికి వదలకండి. పెట్రోలుతో కడగవద్దు, ఫోము పొరలను కలిపే జిగురు ఊడిపోతుంది, ఇంట్లో నిప్పు ప్రమాదం కూడా. నేను కిరోసిన్‌లో ముంచి పాత నూనె వదిలించి, తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లతో రెండుసార్లు కడుగుతాను. పిండేటప్పుడు మెలిపెట్టకూడదు, అతుకులు చిరుగుతాయి. ఉన్ని బట్టను పిండినట్టు రెండు అరచేతుల మధ్య నొక్కాలి. నీడలో పూర్తిగా ఆరాక ఫిల్టరు నూనె పట్టించాలి. ఫోము మొత్తం ఒకే రంగులోకి వచ్చేదాకా పిసకాలి, ఎక్కడా తెల్లమచ్చ మిగలకూడదు. చివరగా ఫిల్టరు పెట్టెకు ఆనే అంచు చుట్టూ గ్రీజు పలచగా రాయాలి. ఈ గ్రీజునే అందరూ మరిచిపోతారు. దుమ్ము ఫోములోంచి కాదు, అంచు పక్కనుంచి దూరుతుంది. సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వచ్చే వారం ఫిల్టరు తీయగానే, కార్బురేటర్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపలి గోడను చూపుడువేలికి చుట్టిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు నూనె తడి తప్ప ఏమీ అంటకూడదు. ఎర్రటి గీత కనిపించిందంటే, ఆ రోజు ఎంత సమయమైనా సరే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా బండి స్టార్టు చేయకండి. మూడు ఫిల్టర్లు కొనిపెట్టుకుంటే ఈ పని వారం మధ్యలో తీరుబడిగా చేసుకోవచ్చు.

పెట్రోలులో ఆయిలు మీరే కలపాలి. పాత యమహా ఆర్‌ఎక్స్ 100లో లాగా దీనికి వేరే ఆయిలు ట్యాంకు, పంపు ఉండవు. కేఎక్స్65కి కంపెనీ చెప్పిన పాళ్లు పెట్రోలు 32కి ఆయిలు 1. అంటే నాలుగు లీటర్ల పెట్రోలుకు 125 మిల్లీలీటర్లు. కొలజాడీతో కొలవండి, సీసా మూతతో అంచనా వేయకండి. ఇతర కంపెనీల బళ్లకు పాళ్లు వేరు, కేటీఎం వాళ్లు 60కి 1 అంటారు. అవతలి వాళ్లు వాడుతున్నారని వాళ్ల పాళ్లను మీ బండికి తేకండి. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (టూ స్ట్రోక్ ఆయిళ్లకు జపాను వాళ్ల నాణ్యత గుర్తు) ఉన్న మంచి ఆయిలు ఒకటి ఎంచుకుని దాన్నే వాడండి. "ఇంకాస్త ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిదే కదా" అని మీకు చాలామంది చెబుతారు. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్టు రంధ్రం ఒకటే, దాని గుండా వెళ్లే ద్రవంలో ఆయిలు పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది. మేలు చేద్దామని కీడు చేసినట్టవుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వానాకాలం మరీ ఎక్కువ. అందుకే ఆ ఆదివారానికి ఎంత కావాలో అంతే కలపండి. రెండు వారాలు దాటిన మిశ్రమాన్ని నేను పిల్లల బండిలో పోయను. ఇంటికి రాగానే పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బురేటర్ అడుగు గిన్నెలో మిగిలినది వదిలేస్తాను. లేకపోతే నెల తర్వాత సన్న జెట్టు మూసుకుపోయి బండి కిక్కుకు పలకదు. ఇంకొక జాగ్రత్త: ఆయిలు కలిపిన క్యానుకు ఎర్ర రిబ్బను కట్టండి. ఒకసారి మా బావమరిది సాయం చేద్దామని ఉత్త పెట్రోలు క్యాను ఎత్తి ట్యాంకులో పోయబోయాడు, మూత దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయిలు లేని పెట్రోలుతో ఈ ఇంజను ఎక్కువసేపు బతకదు.

జెట్ల గురించి మీరు అడగలేదు కానీ, హైదరాబాదులో ఇంజన్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, గాలి ఐదారు శాతం పలచన. మే నెలలో 41, 42 డిగ్రీల ఎండకు ఇంకా పలచబడుతుంది. గాలి తగ్గితే పెట్రోలు వంతు ఎక్కువైనట్టు. బండి బరువుగా లాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్ నుంచి జిడ్డు కారుతుంది. దాంతో మెయిన్ జెట్టు ఒక సైజు తగ్గిస్తాం. బండి హాయిగా పరుగెడుతుంది. నేనూ ఒక మేలో అలాగే తగ్గించాను. మళ్లీ మార్చలేదు.

తర్వాతి జనవరిలో, చేవెళ్ల వైపు ఒక మిత్రుడి మామిడితోట పక్కనున్న చెలకలో, ఉదయం ఏడింటికి అబ్బాయి బండి తీశాడు. చలికి వాడి చేతులు కొంకర్లు పోతున్నాయి. 14 డిగ్రీల చలిగాలి మే నెల మధ్యాహ్నపు గాలి కన్నా దాదాపు తొమ్మిది శాతం చిక్కన. జెట్టేమో మే నెలది, అంత గాలికి చాలినంత పెట్రోలు అందదు. నేను ఇంజనును నిమిషం కూడా వేడెక్కనివ్వలేదు, వాడు తొందరపడుతున్నాడు. రెండో చుట్టులో పొడవాటి దారి మీద ఆరో గేరులో వెళుతుండగా ఇంజను కూత సన్నబడింది, మామూలు కన్నా తియ్యగా, పదునుగా వినిపించింది. చాలా బాగా పరుగెడుతోందే అనుకున్నాను. మరుక్షణం ఇంజను పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయి నేల మీద పది అడుగుల గీత పడింది. వాడి వేళ్లు క్లచ్చు మీద ఉండబట్టి వెంటనే నొక్కాడు, పడకుండా ఆగాడు. సాయంత్రం సిలిండర్ ఎత్తి చూస్తే పిస్టన్‌కు సైలెన్సర్ వైపున నిలువు గీతలు, అల్యూమినియం కరిగి పూసినట్టు. ఆ పిస్టన్ నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. ఆ తప్పు వాడిది కాదు, బండిది కాదు, నాది.

అందుకే రెండు వేళ్లు క్లచ్చు మీద అన్నాను. ఇంజను కూత సన్నబడితే, లేదా యాక్సిలరేటర్ వదిలినా వేగం దిగకపోతే, వెంటనే క్లచ్చు నొక్కి బండి ఆపేయమని పాపకు నేర్పండి. ఇంకొకటి, పొడవాటి దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేరు మీదే బండిని దించకూడదు. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగినట్టే. క్లచ్చు నొక్కి దిగాలి, లేదా మధ్యమధ్య కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి. పొద్దున స్టార్టు చేశాక రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి వెచ్చగా తగిలేదాకా ఆగండి, మూడు నాలుగు నిమిషాలు. పిస్టన్ అల్యూమినియం కాబట్టి సిలిండర్ కన్నా ముందే వేడెక్కి ఉబ్బుతుంది, ఆ తేడా సర్దుకునే సమయం దానికి ఇవ్వాలి. అలాగని పది నిమిషాలు నిలబెట్టి తిప్పకండి, ఈ రేడియేటర్‌కు ఫ్యాను లేదు.

ఏ జెట్టు వేయాలో అంకె చెప్పమని అడగకండి. చెబితే తప్పు చేసినవాణ్ణవుతాను. ఇథనాల్ ఉన్న పెట్రోలు, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పలచబరుస్తుంది, అంటే అందులో పెట్రోలు వంతు తగ్గిస్తుంది, మన ఊరి ఎత్తు చిక్కబరుస్తుంది, ఋతువు రెండింటినీ తారుమారు చేస్తుంది. కంపెనీ జెట్టుతో మొదలుపెట్టి ప్లగ్గును అడగండి. కొత్త ప్లగ్గు వేసి, ఇంజను బాగా వేడెక్కాక మూడో గేరులో యాక్సిలరేటర్ నిండా తిప్పి, అక్కడికక్కడే క్లచ్చు నొక్కి ఆపే స్విచ్చు నొక్కాలి. ఈ పరీక్ష పాపతో కాదు, ఆ బండికి సరిపడే బరువున్న, అనుభవమున్న పెద్దపిల్లలతో చేయించండి. ప్లగ్గు విప్పితే లోపలి పింగాణీ బిస్కెట్టు రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే మిశ్రమం పలచన, వెంటనే జెట్టు పెంచండి. నల్లగా తడిగా ఉంటే చిక్కన, అది తొందరలేని పని. నేను దసరా నుంచి శివరాత్రి దాకా ఒక జెట్టు, ఎండాకాలం ఇంకొకటి వాడతాను. సందేహం వస్తే పెద్ద జెట్టు వైపే ఉంటాను. బండి కాస్త మందంగా నడిస్తే పాపకు ఏమీ కాదు.

మెకానిక్ సంగతి. నగరంలో ఆర్‌ఎక్స్ 100 మీద చెయ్యి తిరిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయినా వాళ్ల చేతిలోని పని పోలేదు. శబ్దం విని రోగం చెబుతారు. అలాంటి ఒకరిని వెతికి పరిచయం పెంచుకోండి. కానీ ఒక విషయం ముందే చెప్పాలి. ఆర్‌ఎక్స్ సిలిండర్‌కు లోపల ఇనుప గొట్టం ఉండేది, అరిగితే బోరు చేయించి పెద్ద పిస్టన్ వేసేవారు. ఈ పోటీ బళ్ల అల్యూమినియం సిలిండర్లకు లోపల గట్టి పూత ఉంటుంది, దాన్ని బోరు చేయకూడదు. పూత గీరుకుపోతే మళ్లీ పూత వేయించాలి లేదా సిలిండర్ మార్చాలి. ఇంజను పట్టేసినప్పుడు గోడకు అంటుకున్న అల్యూమినియం చూసి సిలిండర్ పోయిందనుకుంటారు. తొందరపడకండి. మా బండికి ఆ అల్యూమినియం తీసి చూస్తే కింద పూత చెక్కుచెదరలేదు, కొత్త పిస్టన్‌తోనే సరిపోయింది.

విడిభాగాల భయం కొంతవరకే నిజం. కేఎక్స్65 2000లో వచ్చిన బండి, అప్పటి నుంచి దాని ఇంజను పెద్దగా మారలేదు. అందువల్ల పాత బండికైనా పిస్టన్ దొరుకుతుంది, తెప్పించుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఒక పిస్టన్ సెట్టు, గ్యాస్కెట్ల సెట్టు, రెండు ప్లగ్గులు, ఒక క్లచ్చు లీవరు ఎప్పుడూ ఇంట్లో పెట్టుకోండి. చక్రాల బేరింగుల కోసం మాత్రం ఎక్కడికీ రాయనక్కర్లేదు. పాత బేరింగు పక్కన చెక్కిన అంకె చూసుకుని సికింద్రాబాదు రాణీగంజ్‌కు వెళితే చేతికి ఇస్తారు. క్రాంకుకు రెండు వైపులా ఉండే ఆయిలు సీళ్లు మాత్రం కంపెనీవే వేయండి. గేరు ఆయిలు తరుగుతూ తెల్లపొగ చిక్కగా వస్తే క్లచ్చు వైపు సీలు పోయినట్టు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం దిగకుండా ఉండిపోతుంటే, రెండో వైపున, అంటే ప్లగ్గుకు కరెంటు పుట్టించే మాగ్నెటో వైపు నుంచి గాలి పీలుస్తున్నట్టు, అది ఇంజనును పట్టేయించే రోగం.

మిగతావి చిన్న పనులు. ప్రతిసారీ స్పోకులను పానాతో తట్టి చూడండి, వదులైనది మోగదు, బొద్దుగా శబ్దం చేస్తుంది. చెయిను మరీ బిగించకండి. టైర్లలో గాలి 14 పౌండ్ల దగ్గర ఉంచండి, రాళ్ల నేల మీద ఇంకా తగ్గిస్తే రిమ్ము దెబ్బతింటుంది. కడిగేటప్పుడు సైలెన్సర్‌కు గుడ్డ కుక్కండి, నీళ్ల ధారను మాత్రం చక్రాల నడిమికి కొట్టకండి. హెల్మెట్టు, ఛాతీ కవచం, బూట్ల డబ్బు బండి బేరంలో మిగిలితే చూద్దాం అనుకోకండి. ముందు అవి పక్కన పెట్టి, మిగిలినదే బండికి.

ఈ బండికి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డు మీదకు తేకూడదు. కాలనీ లోపలి వీధి కూడా రోడ్డే. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ కింద పిల్లలు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అన్నిటికన్నా ముందు, ఈ బండికి లైట్లు లేవు, అద్దాలు లేవు, ఎదురుగా వచ్చే లారీకి పాప కనిపించదు. చిన్న ట్రాలీలో ఎక్కించి తీసుకెళ్లండి. పొలం యజమానిని అడిగి, చుట్టుపక్కల ఇళ్లకు దూరంగా, ఎండెక్కకముందే ముగించండి. పోటీలకు పంపాలనుకుంటే దేశంలో మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి, అది తర్వాతి మాట.

ఇక ఆ వాడిన బండి. రిజిస్ట్రేషన్ కాగితం ఉండదు కాబట్టి అసలు కొన్న బిల్లు అడగండి, ఫ్రేము మీది అంకెతో సరిచూసుకోండి. కొత్తది మూడు లక్షల పైమాటే, మరీ చవకగా ఇస్తున్నాడంటే ఇంజను పని మీ నెత్తిన పడుతోందని లెక్కవేయండి. టార్చి, తెల్ల గుడ్డ, ప్లగ్గు పానా తీసుకెళ్లండి. మొదట గాలి గొట్టంలో గుడ్డతో తుడవండి. తర్వాత సైలెన్సర్ గొట్టాన్ని పట్టి ఉంచే స్ప్రింగులు తీసి గొట్టం పక్కకు జరిపి, సిలిండర్ రంధ్రంలోకి టార్చి వేసి, కిక్కు లీవరును చేత్తో మెల్లగా నొక్కుతూ చూడండి. పిస్టన్ పక్కభాగం, రింగు కళ్లెదుటే కదులుతాయి. నునుపుగా మెరిస్తే మంచిది. నిలువు గీతలుంటే పిస్టన్ ఖర్చు బేరంలో తగ్గించమనండి. సిలిండర్ గోడ మీద కూడా గోటికి తగిలేంత గీతలుంటే ఆ బండి వదిలేయండి. రిమ్మును రెండు వైపులా పట్టి ఊపితే బేరింగు కదలిక తెలుస్తుంది, ఫోర్కుల మీద నూనె చార ఉందేమో చూడండి. మీరు వస్తున్నారని ముందుగా స్టార్టు చేసి పెట్టవద్దని ఫోనులోనే చెప్పండి. వెళ్లగానే రేడియేటర్ మీద చెయ్యి వేయండి. చల్లగా ఉంటే అప్పుడు కిక్కు కొట్టమనండి, మూడు నాలుగు కిక్కుల్లో అందుకోవాలి. వెచ్చగా తగిలితే టీ తాగి వచ్చి, అది చల్లారాకే చూడండి.